పలాస మూగబోయినప్పుడు

సర్వర్ల పని అంటే చల్లటి గదిలో కూర్చుని తెర చూసుకోవడమే అనుకుని ఈ పనిలోకి వస్తారు పిల్లలు. నేనూ అలాగే వచ్చాను. మాది టెక్కలి. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఎండ తగలని ఉద్యోగం ఏదైనా ఆయన దృష్టిలో మంచి ఉద్యోగమే. ఆయన మాట విని చేరాను. ఇప్పుడు ఎవరైనా "ఇన్నేళ్ళూ మీరు చేసిన పనేమిటి మేడమ్" అని అడిగితే నా జవాబు ఒకటే. దూరంగా ఉన్న యంత్రం నుంచి ఉలుకూ పలుకూ లేనప్పుడు, అది చచ్చిందా, బతికే ఉండి మాట్లాడలేకపోతోందా అని తేల్చడం. తేల్చలేనప్పుడు తేల్చలేకపోయానని ఒప్పుకోవడం. రెండోదే కష్టం.

పదోన్నతులు, బదిలీలు, ఆ కాగితాల గొడవ ఇక్కడ రాయను. అవి ఎవరికైనా ఒకేలా ఉంటాయి. నాకు పని నేర్పినవి కొన్ని సంఘటనలు. వాటిలో ఒకటి ఇప్పటికీ పట్టపగలు గుర్తొచ్చినా ఒళ్ళు జలదరిస్తుంది. దాని గురించే ఎక్కువ చెబుతాను.

ఒకే గోతిలో రెండు దారులు

ముందు నవ్వొచ్చే సంగతి. నేను చివర పనిచేసింది డయాలసిస్ కేంద్రాలు నడిపే ఒక సంస్థలో. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా జీడితోటలో కత్తి పట్టి తిరిగిన మనిషి ఇవాళ కాళ్ళు వాచి మంచం పడతాడు. ఎందుకో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేరు. వారానికి రెండు మూడుసార్లు రక్తం శుభ్రం చేసే మిషన్ పక్కన పడుకుంటేనే ప్రాణం నిలుస్తుంది. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకని వంతులు. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదంతా మా డేటాబేస్‌లో ఉండేది.

పేషెంట్లు ఇక్కడివాళ్ళు, లైన్లు తెగేదీ ఇక్కడే. కాబట్టి అసలు సర్వర్ పలాస కేంద్రంలోనే ఉండాలని నేను పట్టుబట్టాను. దాని నకలు హైదరాబాద్‌లో. పలాసలో రాసిన ప్రతి మాటా ఆ వెంటనే హైదరాబాద్‌లోనూ పడుతుంది. ఇక్కడ ఏదైనా అయితే అక్కడిది లేచి పని అందుకుంటుంది. వెబ్‌సైటు కూడా అంతే.

ఈ రెండు ఊళ్ళనీ కలపడానికి ఒక లైను చాలదని రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకున్నాం. మా డైరెక్టరుగారు మీటింగులో రెండు వేళ్ళు ఎత్తి చూపించి "ఒకటి పోతే ఒకటి" అన్నారు. ఒకరోజు కాశీబుగ్గ దగ్గర కాలవ పూడిక తీస్తున్న జేసీబీ ఒక్క పోటు పొడిచింది. రెండూ పోయాయి. పరిగెత్తుకెళ్ళి చూస్తే, ఆ రెండు కంపెనీలూ ఒకే గోతిలో ఒకదాని మీద ఒకటి వేసుకున్నాయి కేబుళ్ళు. ఒక గొయ్యి తవ్వితే కూలి కలిసొస్తుందని! జేసీబీ డ్రైవరు తెగిన కొసలు రెండు చేతుల్తో పట్టుకుని మాకు చూపించాడు.

"కవల పిల్లల్లాగున్నాయండి. ఒకేపాలి పోనాయి పాపం" అన్నాడు.

కాగితం మీద రెండు గీతలుంటే నేల మీద కూడా రెండే ఉన్నాయనుకోకండి. వెళ్ళి ఆ దారి వెంట నడిచి చూడండి. చెప్పులు అరిగితే అరిగాయి.

గుండె చప్పుడు

మా పనిలో గుండె చప్పుడు అనే మాట ఉంది. పలాస సర్వర్ క్షణం క్షణం హైదరాబాద్‌కి "ఉన్నాను" అని చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది. అది ఆగిపోతే అక్కడి నకలు "అసలు పోయింది, ఇక నేనే అసలు" అని పగ్గాలు పట్టుకుంటుంది. ఎంతసేపు ఆగి పట్టుకోవాలి, ఆ నిర్ణయం ఎవరిది అన్న దగ్గరే పేచీ. మనిషి చూసి నిర్ణయించాలని నేను. యంత్రమే నిర్ణయించుకోవాలని డైరెక్టరుగారు. ఆయన చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, తొందర మనిషి, తెర మీద పచ్చచుక్క కనిపిస్తే గాని అన్నం సహించనివాడు. దున్నపోతు ఈనిందని తెర చెబితే దూడని కట్టెయ్యమనే రకం.

ఆయన మాటే నెగ్గింది. అలాగైతే మూడో ఊళ్ళో ఒక సాక్షిని పెట్టండి అన్నాను. బరంపురంలో ఒక చిన్న యంత్రం. అది ఏ లెక్కా రాయదు. రెండిటినీ గమనిస్తూ ఉంటుంది, అంతే. అసలు, నకలు ఒకదాని కంటికి ఒకటి కనబడని రోజున ఎవరు పని చెయ్యాలో, ఎవరు చేతులు కట్టుకు కూర్చోవాలో అది చెబుతుంది.

"ఏ పనీ చెయ్యని మిషన్‌కి కరెంటు దండగ కదా మేడమ్?" అన్నారాయన.

"పెళ్ళికి వచ్చిన సాక్షులు కూడా ఏ పనీ చెయ్యరు సార్. భోంచేసి పోతారు" అన్నాను.

అందరూ నవ్వారు. సాక్షి మాత్రం రాలేదు.

ఇంకో నిబంధన కూడా చెప్పాలి. వరసగా మూడు వంతులు రాని మనిషి పేరు దానంతటదే "ఆగినవి" అనే వరసలోకి వెళ్ళిపోతుంది. ఆ వంతు ఎదురుచూస్తున్న మరొకరికి దక్కుతుంది. ఉద్దానంలో మూడు వంతులు రాలేదంటే దానికి అర్థం దాదాపుగా ఒకటే. అందుకే ఆ నిబంధన ఎవరికీ తప్పనిపించలేదు.

పార్వతి

వంతు గుర్తు చెయ్యడానికి ముందురోజు పేషెంటు ఇంటికి ఫోను వెళ్ళేది. రికార్డు చేసిన గొంతు. మొదట హైదరాబాద్‌లో ఎవరో అమ్మాయి చేత చదివించారు. "మీ తదుపరి చికిత్సా సమయము నిర్ధారించబడినది" అని మొదలయ్యేది. మా ముసలాళ్ళు అది బ్యాంకు లోను ఫోననుకుని పెట్టేసేవారు. అప్పుడు పార్వతిని అడిగాం.

పార్వతి పలాస కేంద్రంలో అటెండరు. తనకీ అదే జబ్బు. వారంలో రెండు రోజులు తను దుప్పటి మార్చిన మంచం మీదే తను పడుకునేది. మాట గలగలమని ఉండేది. రికార్డింగుకి రమ్మంటే తల దువ్వుకుని, పువ్వులు పెట్టుకుని వచ్చింది. గొంతే కదా పిల్లా, ఫొటో కాదు అంటే, "అయితే ఏటండి, ఇనీవోలకి తెలుత్తాది" అంది.

రెండు మాటలు చెప్పించాం. మొదటిది రోజూ వెళ్ళేది: "నాను పార్వతిని. రేపు మీ వంతు. పొద్దున్నే ఏదో ఓటి తినీసి వచ్చీయండి. బస్సు తప్పిపోకండి." రెండోది మిషన్లు పాడైన రోజుల కోసం: "నాను పార్వతిని. మీ వంతు ఆగిపోనాది. మళ్ళీ కబురెట్టీవరకూ రాకండి." తర్వాత ఆఫీసులో ఎవరో తెలివైనవాళ్ళు, కొత్తది చేయించే ఓపిక లేక, ఆ రెండో మాటనే "ఆగినవి" వరసకి కూడా తగిలించారు. దాంతో పెద్ద ఇబ్బందేమీ రాలేదు. పలాసలో హెడ్ నర్సు సుభద్ర రోజూ ఆ వరస చూసి, పోయినవాళ్ళ ఇళ్ళకి ఫోను వెళ్ళకుండా ఆపేది. సుభద్రది ఇచ్ఛాపురం. సగం ఒడియా, సగం తెలుగు, మొత్తం గట్టి మనిషి.

తర్వాత కొంతకాలానికి పార్వతి పోయింది. గొంతు మార్చేద్దామనుకున్నాం. ఆమె అన్న లోకనాథం కేంద్రానికి వచ్చి వద్దన్నాడు. జీడి రైతు. తనూ మా పేషెంటే.

"ఉండనీయండి మేడమ్. వారానికి రెండుపాలీలు మా సెల్లి నాతోటి మాటాడతాది" అన్నాడు.

మిగతా పేషెంట్లు కూడా అదే మాట. ఉంచేశాం. చనిపోయిన మనిషి రోజూ బతికున్నవాళ్ళకి ఫోను చేసి రమ్మని పిలుస్తోంది. ఇప్పుడిలా రాస్తుంటే వింతగా ఉంది గానీ, అప్పట్లో ఎవరికీ అలా తోచలేదు. పార్వతి పిలిచిందని బస్సెక్కి వచ్చేవారు.

రెండు ఊళ్ళు, ఒకే పేరు

తుపాను బారువ వైపున తీరం దాటింది. నేను విశాఖ ఆఫీసులో ఉన్నాను. తెర మీద పలాస చుక్క ఎర్రబడింది. హైదరాబాద్ నకలు చెప్పినట్టే లేచి, అసలు స్థానంలో కూర్చుంది. వెబ్‌సైటు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. డైరెక్టరుగారు అందరికీ పేరుపేరునా అభినందనలు చెప్పారు.

నిజానికి పలాసలో కిటికీ అద్దాలు పోయాయి గానీ సర్వర్ పోలేదు. జనరేటర్ మీద నిక్షేపంగా నడుస్తోంది. సుభద్ర ఇంటికి వెళ్ళకుండా కేంద్రంలోనే ఉండిపోయింది. పేషెంట్లు పడిన చెట్లు దాటుకుంటూ నడిచి వచ్చారు. వచ్చినవాళ్ళ పేర్లన్నీ పలాస సర్వర్ రాసుకుంటూనే ఉంది. దాని లెక్కలో పోయింది హైదరాబాద్. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా దగ్గర రెండు ఊళ్ళలో రెండు కత్తులు, రెండూ నేనే అసలంటున్నాయి, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీదు.

హైదరాబాద్ కళ్ళకి మాత్రం పలాసలో మంచాలన్నీ ఖాళీ. ఎవరూ రావట్లేదు. ఒక వంతు పోయింది, రెండోది పోయింది, మూడోది కూడా పోయింది. నిబంధన ప్రకారం పేర్లు ఒక్కొక్కటే "ఆగినవి" వరసలోకి జారడం మొదలుపెట్టాయి. విశాఖలో నా ముందున్న తెర మీద అది చూశాను. కీబోర్డు మీద ఎవరి చెయ్యీ లేదు. ఇక్కడున్న పేరు మాయమై అక్కడ తేలుతోంది. పేర్ల పక్కన నేను చిన్నప్పుడు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళిన ఊళ్ళు. లోకనాథం పేరు కూడా నా కళ్ళ ముందే వెళ్ళింది.

"ఇది ఆపాలి సార్. వాళ్ళు వస్తున్నారో లేదో మనకి తెలీదు" అన్నాను.

"రాలేదు కాబట్టే కదా మేడమ్ వెళ్తున్నాయి" అన్నారు డైరెక్టరుగారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత సెల్ టవర్లు ఒక్కొక్కటే లేచాయి. చెట్లు వేళ్ళతో లేచినప్పుడు భూమిలో తెగిన మా లైన్లు రెండూ ఇంకా లేవలేదు. పలాస కేంద్రంలో ఫోన్లు చెయ్యడానికి సొంతంగా సిమ్‌లున్న పెట్టె ఉంది. హైదరాబాద్‌కి దాని ఏర్పాటు దానికి ఉంది. అంటే రెండూ జనంతో మాట్లాడగలవు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. ఇంతకన్నా చెడ్డ స్థితి మా పనిలో లేదు.

సుభద్ర నుంచి ఫోను వచ్చింది.

"మేడమ్, ఇక్కడ ఏటో అవతంది. తుపాన్లో సెట్లు ఎక్కి దిగి వచ్చినోలు, ఇప్పుడు దారి సాపైనాక రావట్లేదు. మిషన్లన్నీ కడిగీసి కూకున్నాం."

"ఎందుకు రావట్లేదు?"

"పార్వతి వద్దందట" అంది.

ఖాళీ మంచాలు

ఆ పూటే కారులో బయల్దేరాను. టెక్కలి దాటాక నా కళ్ళని నేను నమ్మలేదు. ఉద్దానమంటే నీడ. కొబ్బరి, జీడి, పనస కమ్ముకుని మధ్యాహ్నం కూడా చల్లగా ఉండే నేల. ఇప్పుడు అంతా నేలమట్టం. కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి తలలు పెట్టి పడుకున్నాయి. ఎప్పుడూ కనబడని దూరం నుంచి సముద్రం కనబడుతోంది. ఎండ ఎక్కడ పడితే అక్కడ పడుతోంది. పక్షి అరుపు లేదు. పుట్టి పెరిగిన చోట దారి అడగాల్సి వచ్చింది, ఏ ఊరు ఎక్కడో గుర్తుపట్టలేక.

కేంద్రంలో మంచాలకి ఉతికిన దుప్పట్లు వేసి ఉన్నాయి. మిషన్ల మీద లైట్లు వెలుగుతున్నాయి. మనిషి లేడు. నా చేతిలో ల్యాప్‌టాప్ ఉంది, అందులో హైదరాబాద్ చూపిస్తున్న పలాస. అన్ని మంచాలూ ఖాళీ. తలెత్తి చూశాను. అన్ని మంచాలూ ఖాళీ. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పిన తెర ఇప్పుడు నిజం చెబుతోంది. అబద్ధం ముందు పుట్టి, నిజాన్ని తన వెనకాల నడిపించుకుంటోంది. ఉద్యోగంలో నేను భయపడింది అక్కడే. ఒక మంచం మీద కూర్చుండిపోయాను.

సుభద్ర విషయం చెప్పింది. పలాస సర్వర్ "రేపు మీ వంతు, వచ్చీయండి" అని ఫోను చేస్తోంది. కాసేపటికే హైదరాబాద్ నుంచి "మీ వంతు ఆగిపోనాది, రాకండి" అని ఫోను. రెండూ పార్వతి గొంతే.

"మా వైపు ఒక మాటుంది మేడమ్. సచ్చిపోయినోలు కల్లోకొచ్చి రమ్మంటే ఎల్లకూడదు. వద్దంటే ఇనాల. ఇన్నాళ్ళూ ఎవులికీ అది గేపకం రాలేదు. ఇప్పుడు వద్దనీసరికి వచ్చింది. పార్వతి రమ్మన్నా ఎల్లకూడదు, వద్దన్నా ఎల్లకూడదు. ఇంకెవులు వత్తారు?"

"నువ్వు ఫోను చేసి చెప్పలేదా?"

"సేసినాను. సెల్లు ఎత్తట్లేదు. సెల్లంటేనే బయపడతన్నారు."

"ఎవరికి ముందు ముంచుకొస్తుంది?"

"లోకనాథం. ఒళ్ళంతా నీరు దిగీసుంటాది ఈపాటికి. ఇవాళో రేపో రాకపోతే ఊపిరాడదు. అతను వత్తే మిగతావోలు వత్తారు. పార్వతి అన్నే ఎల్లినాడు, మనకేటి అని."

డైరెక్టరుగారికి ఫోను చేశాను. రెండిట్లో ఒకటి ఆగాలి అని ఆయనా ఒప్పుకున్నారు. అయితే పలాసని ఆపమన్నారు. బయటి ప్రపంచం చూసేది హైదరాబాద్‌నట. మనుషులు ఎక్కడ పడుకుంటారో అదే అసలు సార్ అన్నాను. లైను వచ్చేదాకా ఆగుదాం మేడమ్ అన్నారు. ఫోను పెట్టేసి, సెల్ సిగ్నల్ మీదే హైదరాబాద్ సర్వర్‌లోకి వెళ్ళి, దాని ఫోన్లూ, దాని మూడు వంతుల నిబంధనా ఆపేశాను. పై అధికారి మాట కాదని చేసిన పని అది. ఇప్పుడైనా అదే చేస్తాను. దానికొచ్చిన సంజాయిషీ కాగితం గురించి రాసేది లేదు.

ఫోన్లు ఆగాయి. విన్న మాట మాత్రం జనం చెవుల్లో అలాగే ఉంది.

నడిచి వెళ్ళినవాడు

సుభద్ర స్కూటీ మీద లోకనాథం ఊరు వెళ్ళాం. ఊరి మొదట్లో ఒక కొట్టు ముందు అద్దె జనరేటర్ నడుస్తోంది. ఊళ్ళో సెల్లులన్నీ అక్కడే ఛార్జింగుకి పెట్టారు, నేల మీద గోనెపట్టా పరిచి, కుప్పగా. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. సరిగ్గా మేము దిగే వేళకి సిగ్నల్ వచ్చినట్టుంది. కుప్పలోంచి ఒక ఫోను మోగింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ పాటలు పాడుతూ, వణుకుతూ పట్టా మీద పాకుతున్నాయి. నిలబడ్డవాళ్ళు ముందుకి రాలేదు, ఒకడుగు వెనక్కి వేశారు. ఒక ముసలామె మాత్రం వంగి తనది తీసి మీట నొక్కింది. ఆ మండుటెండలో, నీడ లేని ఆ ఊళ్ళో, గలగలమని పార్వతి.

"నాను పార్వతిని. రేపు మీ వంతు."

ఆమె ఫోనుని పట్టా మీద పడేసి రెండు చేతులూ చెంగుకి తుడుచుకుంది. ఆ ఫోను చేసింది పలాసలో నేను ఏరికోరి పెట్టించిన సర్వరే. దాని లోపల ప్రతి తీగా నాకు తెలుసు. అయినా నేనూ ఒకడుగు వెనక్కి వేశాను. అబద్ధం ఎందుకు చెప్పాలి.

లోకనాథం పడిపోయిన జీడిచెట్టు మొదలు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు కనబడనంతగా మొహం ఉబ్బింది. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. పక్కన ఆయన భార్య విసనకర్రతో విసురుతోంది.

"దండాలమ్మా. తిరగడమెందుకు ఈ ఎండలో. మా సెల్లి వద్దంది. అది నా మంచికే సెప్తాది" అన్నాడు.

"పార్వతి ఏమీ అనలేదు అన్నయ్యా. ఎప్పుడో మేము చెప్పించిన మాటలవి. వాటిని మోగిస్తున్నవి మిషన్లు. ఒకటి పలాసలో ఉంది, ఒకటి హైదరాబాద్‌లో ఉంది. తుపానుకి మధ్యలో తీగ తెగింది. ఒకటి చెప్పింది ఇంకోదానికి తెలీదు."

"మిషన్ నన్నెందుకు వద్దంతాది?"

ఆయన భార్య విసనకర్ర ఆపింది. ఏదో ఒకటి కప్పిపుచ్చి చెప్పొచ్చు. కప్పిపుచ్చిన మాటలు ఇప్పటికే ఆ ఇంట్లో ఎక్కువయ్యాయి.

"మీరు చనిపోయారనుకుంది" అన్నాను.

"ఒలమ్మో!" అని ఆమె చెంపలు వాయించుకుంది. లోకనాథం మాత్రం కదల్లేదు.

"ఎవులు సెప్పినారు దానికి?"

"ఎవరూ చెప్పలేదు. మీరు మూడు వంతులు రాలేదు కాబట్టి అలా అనుకుంది."

"నాను రాలేదా?" లేచి నిలబడ్డాడు. తూలితే సుభద్ర పట్టుకుంది. "గాలి పూర్తిగా తగ్గకుండానే ఎల్లినాను. సెట్లు అడ్డంగా పడుంటే కింద నుండి దూరినాను, మీద నుండి ఎక్కినాను. ఈ కాలు సూడండి, ఎలగ గీరుకుపోనాదో. ఈ సిస్టరమ్మే గదా సూదెట్టింది! నడిసి ఎల్లినోడిని పట్టుకుని రాలేదంతాడా ఆడు?"

"అంటున్నాడు అన్నయ్యా."

"ఏడీ ఆడు? ఆడి కాడికి తీసుకెళ్ళండి నన్ను."

"వాడు హైదరాబాద్‌లో ఉన్నాడు. మీరు పలాస వచ్చి మంచం మీద పడుకోండి చాలు. వాడితో నేను చెబుతాను."

భార్య వంక చూశాడు. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి తువ్వాలు, నీళ్ళ సీసా తెచ్చింది. ఆయన్ని సుభద్ర వెనక స్కూటీ మీద కూర్చోబెట్టి నేనూ ఆయన భార్యా పక్కనే నడిచాం. కొట్టు దగ్గరకి రాగానే ఆపమన్నాడు. ఆయాసంలోనే గొంతు పెంచాడు.

"ఇదిగో, నన్ను సూడండి. నాను సచ్చిపోనానట. మీరూ సచ్చిపోనారట, లెక్క రాసీసినారు. మా సెల్లి అన్నది కాదిది. రండి, ఎల్లి బతికున్నామని సెప్పొద్దాం."

ఒకరిద్దరు నవ్వారు. నవ్వినవాళ్ళే ముందు కదిలారు. ఫోను పడేసిన ముసలామె వంగి దాన్ని తీసుకుని కొంగున కట్టుకుంది.

సాయంత్రానికి మంచాలు నిండాయి. లోకనాథం ఒంట్లో నీరు దిగుతుంటే, గొంతు మీద ఉబ్బు తగ్గి మాట తేలికపడుతుంటే, నేను పక్కన కూర్చుని చూశాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నా పని వల్ల మనిషికి ఏమవుతుందో అంత దగ్గరగా చూసింది అదే మొదలు.

ఏది నిజం

లైను వచ్చింది. రెండు కాపీల్నీ ఒకటి చెయ్యాలి. మా పనిలో ఒక వాడుక ఉంది: ఒకే మనిషి గురించి రెండుచోట్లా వేరువేరుగా రాసి ఉంటే, చివరగా రాసిందే నిజం. ఆలోచించక్కర్లేని సులువైన సూత్రం. ఆ తర్వాత మళ్ళీ వంతుకి రానివాళ్ళ విషయంలో "వచ్చాడు" అని పలాస ముందు రాసింది, "ఆగిపోయాడు" అని హైదరాబాద్ తర్వాత రాసింది. ఆ సూత్రం వాడి ఉంటే వాళ్ళందరూ బతికుండగానే ఒక్క మీటతో పోయేవారు. నేనూ సుభద్రా కూర్చుని ఒక్కో పేరూ చదివి, ఆమె "ఉన్నాడు" అంటే ఉంచాం.

బారువ వైపు ఊరి ఆవిడ ఒకామె పేరు దగ్గర సుభద్ర ఆగిపోయింది. పలాస కాపీలో ఆమె ఉంది. హైదరాబాద్ కాపీలో లేదు. ఆమె పార్వతి మాట విని ఇంట్లో ఉండిపోయింది. మేము వెళ్ళేలోగా నిజంగానే పోయింది. హైదరాబాద్ ఆమె పేరు ఆపేసిన రోజున ఆమె ఇంటి ముందు చేపలు ఎండబెట్టుకుంటోంది.

"ఏది ఉంచమంతారు మేడమ్?" అంది సుభద్ర.

హైదరాబాద్ రాసిందే ఉంచాను. అంత అన్యాయమైన సరైన జవాబు ఇంకెప్పుడూ రాయలేదు.

ఆ తర్వాత బరంపురంలో సాక్షిని పెట్టారు. చేతులు కాలాక ఆకులు. సాక్షి ఉంటే ఇదంతా జరిగేది కాదని గొప్పలు చెప్పను. అది బహుశా పలాసని ఆగమనేది, సుభద్ర వంతులు చేత్తో రాసుకునేది, వెబ్‌సైటులో పాత లెక్క కనబడేది. అవన్నీ భరించొచ్చు. కానీ ఎవరూ రావట్లేదని హైదరాబాద్ అప్పుడూ పేర్లు ఆపేసేదే. మీరు దూరపు ఊళ్ళో నకలు పెట్టేటప్పుడు అది ఎంత త్వరగా లేస్తుందని మాత్రమే అడగకండి. లేచాక, ఏమీ తెలియని చీకట్లో కూర్చుని, అది ఎవరి గురించి ఏం తీర్పు చెబుతుందో అడగండి. తీర్పు చెప్పే అధికారం దానికి ఇవ్వకండి. డైరెక్టరుగారు కూడా ఆ తర్వాత ఇదే మాట అన్నారు, తన మాటగా. అననివ్వండి, పని జరిగింది.

పార్వతి గొంతు సంగతి మిగిలింది. తీసేయాలని ఆఫీసులో అందరూ అన్నారు. నాకూ తీసేయాలనే ఉంది. ఆ కుప్పలో ఫోన్లు మోగిన మోత నా చెవుల్లోంచి పోలేదు. కానీ అడగకుండా తీసేయడానికి మనసు రాలేదు. లోకనాథం వంతు రోజున పలాస వెళ్ళాను. మంచం మీద పడుకుని ఉన్నాడు, చేతికి గొట్టాలు, పక్కన మిషన్ తిరుగుతోంది. కొత్త గొంతు పెడదామా అన్నయ్యా అని అడిగాను.

గొట్టాలు లేని చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మార్చకండి మేడమ్. దాన్ని ఉండనీయండి" అన్నాడు. "గానీ ఒక్కటి. బతికున్నన్నాళ్ళూ మా సెల్లి ఓ మాటంటే ఆ మాట మీదే ఉండీది. సచ్చిపోనాక దానిసేత రెండు మాటలు ఆడించకండి."